చెరువు కట్ట మీద ఆదొండను ఎందుకు పెకలించారు?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం జిల్లా పేజీలో చెరువు కట్ట సుందరీకరణ అంటూ జేసీబీ ఫోటో వేసి, కింద ముళ్లకంపల తొలగింపు అని రాశారు. చూసి ఊరుకుందామంటే మనసొప్పలేదు. ఆ ఫోటోలో వేళ్లు పైకి లేచి పడి ఉన్నది సర్కారు తుమ్మ కాదండీ, కాయలు కూరకు పనికొచ్చే ఆదొండ పొద. సర్కారు తుమ్మ చెరువు గర్భంలో ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.

ఆదొండకు కొక్కేల్లాంటి ముళ్లుంటాయి, చొక్కా పట్టుకుంటే వదలదు, నిజమే. కానీ ఎండలు ముదరకముందే తెల్లగా పూసి, వాడేసరికి ఎర్రబడే ఆ పూలను ఆ ఇంజనీర్లు ఒక్కసారైనా చూశారా? నలుపు అంచుల తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది దాని ఆకుల మీదే. లేత కాయలు చీల్చి, గింజలు తీసి, ఉప్పేసిన మజ్జిగలో నానబెట్టి ఎండబెడితే ఒరుగులు. చేదు పూర్తిగా పోదు, అయినా నూనెలో వేయించి పప్పన్నంలో నంజుకుంటే ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది. ఇదే కాయను మహారాష్ట్రలో వాఘాటి అంటారు, ఆషాఢ ఏకాదశి ఉపవాసం మర్నాడు కూర వండుకోవడానికి బజారులో వెతికి మరీ కొంటారు. మనం జేసీబీ పెట్టి లాగేస్తున్నాం.

చెట్ల వేళ్లు కట్టకు చేటు అని ఒక అధికారి నాతో అన్నారు. మరి అదే కట్ట మీద వరసగా కోనోకార్పస్ ఎందుకు నాటించారు? గుజరాత్ 2023లో నిషేధించిన మొక్క అది, దాని వేళ్లు పైపులైన్లనే పాడుచేస్తాయని గగ్గోలు పెడుతున్నారు. ఒక్క పిట్ట తినే కాయ లేదు దానికి. పచ్చగా కనిపిస్తే చాలు, బిల్లు పాసైపోతుంది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊళ్లో ఏ మొక్కలున్నాయో రిజిస్టర్ రాయాలి. మా పంచాయతీలో అడిగితే ఇక్కడ లేదు, మండలంలో అడగండన్నారు. మండలంలో సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. ఏ ఆఫీసుకెళ్లినా ఇదే వరస, పింఛను అడిగినా ఇంతే, రోడ్డు గుంత గురించి అడిగినా ఇంతే. పని చేయించే ముందు ఊళ్లో పశువులు కాసేవాళ్లని ఒక్క మాట అడిగితే ఏది ఉంచాలో వేలు పెట్టి చూపించేవారు.

తూర్పు తూము దగ్గర ఇంకా కొన్ని పొదలు మిగిలాయి, వాటికి కాయలున్నాయి. వచ్చే వారం అటువైపు కూడా పని మొదలవుతుందంటున్నారు. కలెక్టర్ గారు ఆ పని ఆపించాలి. మీ విలేఖరిని కూడా ఒకసారి అటు పంపండి, జేసీబీ రాకముందే.

— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా