ఆ గుర్రాన్ని మళ్లీ బరాత్‌కు పంపకండి

జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి గారికి నమస్కారం.

నిన్న రాత్రి మా వీధి బరాత్‌లో పెళ్లికొడుకును మోస్తున్న తెల్ల గుర్రం డీజే ముందే కూలబడింది. జీను తీస్తే వీపు మీద అరచేయంత పుండు. నోట్లో ముళ్ల కళ్లెం. బరువు లాగే, మోసే జంతువులను హింసించకుండా తెచ్చిన 1965 నిబంధనలు దాన్ని ఎప్పుడో నిషేధించాయి. ఇక 1960 జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు! టీ, సమోసా ఖర్చు. అది కట్టించుకుని గుర్రాన్ని మళ్లీ యజమానికే అప్పగించొద్దు. అదే చట్టం 35వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఉత్తర్వు తీసుకుని సంరక్షణకు పంపించండి.

బక్కచిక్కిన గుర్రానికి ఒక్కసారిగా దాణా పోస్తే ప్రాణం మీదకొస్తుంది. కొంచెం కొంచెంగా గడ్డి పెట్టాలి. (పక్కింటాయన ప్రేమకొద్దీ బకెట్ నిండా శనగలు తెస్తే ఆపాం.) ఇప్పుడది మా వేపచెట్టు కింద ఉంది. నిమురుదామని చెయ్యెత్తినా తల పక్కకు తిప్పేసుకుంటోంది.

డాక్టర్‌ను ఈరోజే పంపండి.