నన్ను ఆపినవాళ్లకు కృతజ్ఞతలు

మారథాన్ పూర్తి చేశాను. మొత్తం 42.195 కిలోమీటర్లు, చివరి 195 మీటర్లతో సహా. అభినందనలు పంపిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా బదులివ్వలేకపోయాను కాబట్టి ఇలా రాస్తున్నాను. వాళ్లలో చాలామంది నా పట్టుదలను మెచ్చుకున్నారు. పట్టుదల ఒక్కటే ఉండి ఉంటే నేను బయలుదేరే గీత దాకా కూడా వచ్చేదాన్ని కాదు. పరుగెత్తమన్నవాళ్ల కంటే వద్దన్నవాళ్లకే ఎక్కువ రుణపడి ఉన్నాను.

అందరికంటే ముందు మా ఫిజియోథెరపిస్టు గారికి. శిక్షణ సగంలో ఉండగా ఎడమ మడమ వెనక, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే ఎకిలిస్ స్నాయువు దగ్గర నొప్పి పట్టుకుంది. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులు నరకం. కాసేపు నడిస్తే ఏమీ లేనట్టే ఉండేది. అలా తగ్గినట్టు అనిపించడమే దీనిలోని మోసమని ఆమె చెప్పారు. కండరానికి అందినంత రక్తం స్నాయువుకు అందదట, అందుకే మానడానికి అంత కాలం పడుతుందట. దానికి ఆమె ఒక వ్యాయామం ఇచ్చారు. మెట్టు అంచున మునికాళ్ల మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కాస్త వంచి కొన్ని. వంచితే పిక్కలో లోపలగా ఉండే సోలియస్ కండరం మీద భారం పడుతుంది. 15 చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన పద్ధతి ఇది. ఇంత చప్పటి వైద్యం మరొకటి ఉంటుందని నేను అనుకోను, కానీ పనిచేసింది. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తావని అడిగేవారు. మూడు దాటితే ఆ రోజు పరుగు లేనట్టే. ఎంత బేరమాడినా ఒక్క మార్కు కూడా వదిలేవారు కాదు.

ఆ వారాల్లో ఈతకొలనుకు తోడు వచ్చిన స్నేహితురాలికి ప్రత్యేకంగా. నడుముకు తేలే బెల్టు కట్టుకుని లోతు నీటిలో పరుగెత్తాలి. పాదం నేలకు తగలదు కాబట్టి మడమకు విశ్రాంతి, గుండెకు మాత్రం నిండా పని. చూసేవాళ్లకు మునిగిపోతున్నామనిపిస్తుంది. ఇద్దరం ఉంటే ఆ సిగ్గు సగమవుతుంది.

మడమ దారికొచ్చిందనుకునేసరికి ఫ్లూ వచ్చింది. జ్వరం దిగగానే రోడ్డెక్కుతానంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. వైరస్ కొన్నిసార్లు గుండె కండరానికి కూడా వాపు తెస్తుందనీ, మయోకార్డైటిస్ అనే ఆ స్థితిలో గట్టిగా పరుగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చనీ ఓపికగా వివరించారు. ఛాతీలో నొప్పి, ఆయాసం, దడ ఉన్నాయేమోనని గుచ్చి గుచ్చి అడిగారు. పొద్దున లేవగానే నాడి చూసుకోమన్నారు. అది నా మామూలు అంకెకు దిగేదాకా నడక మాత్రమే. నా మీద నమ్మకం లేక బూట్లు బీరువాలో పెట్టి తాళం వేసిన మా అక్కకు కూడా కృతజ్ఞతలే. అప్పుడు అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

కోచ్ గారు చేసిన మేలు వేరు. పోయిన వారాలను మిగిలిన వారాల్లో కుక్కకూడదని పాత పట్టికను పక్కన పడేశారు. నేను పెట్టుకున్న సమయాన్ని కొట్టేసి, పోటీ గడువులోపు క్షేమంగా రావడమే లక్ష్యమన్నారు. అందుకు కాసేపు పరుగు, కాసేపు నడకగా సాగే పరుగు-నడక పద్ధతి ఎంచుకున్నారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. అలిసిపోయాక కాదు, మొదటి కిలోమీటర్లలోనే నడక మొదలుపెట్టాలి. ఒంట్లో సత్తువంతా ఉండగా, వందల మంది దాటిపోతుంటే నడవడం కాళ్లకు తేలికే, అహంకారానికే కష్టం.

అందుకే తన సమయాన్ని వదులుకుని నా పక్కనే పరుగెత్తిన మా బృందంలోని అన్నయ్యకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. గడియారం చూసి "నడక" అంటే నడక. 30 కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం అడుగంటుతుంది, కాళ్లు సొంతవి కానట్టు ఉంటాయి. నాకూ అంతే అయింది. అక్కడి నుంచి ఆయన నోరు మూయలేదు. వాళ్లింటి ప్లంబింగ్ కష్టాలన్నీ నాకు ఇప్పుడు కంఠతా వచ్చు.

చివరగా, గడువు దగ్గరపడుతున్నా దారి పక్కన నీళ్ల బల్లలు ఎత్తేయకుండా మా కోసం నిలబడిన వాలంటీర్లకు. నేను వరసగా నీళ్ల గ్లాసులు ఖాళీ చేస్తుంటే ఒక అమ్మాయి ఆపింది. ఒట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుందని చెప్పి, లవణాలు కలిపిన గ్లాసు చేతిలో పెట్టింది. నాకు అప్పుడు మాట పెగల్లేదు, తలూపి వెళ్లిపోయాను. అమ్మా, నీ పేరు కూడా అడగలేదు. చాలా చాలా ధన్యవాదాలు.