గంట నడక మంచిదే, మిగతా పగలంతా ఏం చేస్తున్నాం?

సంపాదకులకు,

'రోజూ గంట నడవండి' అని ఆరోగ్య పేజీలన్నీ రాస్తున్నాయి. మంచిదే. ఆ గంట ఎలా నడవాలో, తర్వాత పగలంతా ఎలా గడపాలో మాత్రం ఎవరూ రాయడం లేదు. రక్తనాళాలకు కావలసిన అసలు సంగతి అదే.

రక్తనాళం లోపలి గోడకు ఒకే కణం మందాన ఎండోథీలియం అనే పొర ఉంటుంది. రక్తం దాన్ని రాసుకుంటూ జోరుగా పారితే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం సడలి వెడల్పవుతుంది. ఈ వాయువు పాత్రను కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి వైద్య నోబెల్ వచ్చింది. కూర్చుంటే పిక్కలు పనిచేయవు, మోకాలి వెనక ధమని వంగి ఉంటుంది, కాళ్లలో ప్రవాహం మందగిస్తుంది. యువకులను మూడు గంటలు కదలనివ్వకుండా కూర్చోబెట్టి అల్ట్రాసౌండ్‌తో చూస్తే, తొడ ధమని వెడల్పయ్యే శక్తి మొదటి గంటకే తగ్గింది. గంటకోసారి లేచి 5 నిమిషాలు మెల్లగా నడిస్తే తగ్గలేదు. కొద్దిమంది మీద చేసిన పరిశోధనే. అయినా బ్యాంకు కౌంటర్లో, కంప్యూటర్ ముందు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లు 'పొద్దున నడిచాం కదా' అని ఊరుకోవడానికి లేదు. లేవడం కుదరనప్పుడు మడమలు ఎత్తి దించుతున్నా కొంత నయం.

ఇక నడక. పార్కుల్లో గుంపుగా రాజకీయాలు చర్చిస్తూ సాగే నడక చాలావరకు కాలక్షేపమే. మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. ఆ వేగంతో వారానికి కనీసం 150 నిమిషాలు కావాలి. ఆఖరి 5 నిమిషాలు నెమ్మదించాలి. టక్కున ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఈ బెడద ఎక్కువ. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే వదిలేస్తుంటే అది కాలి ధమని ఇరుకైన లక్షణం కావచ్చు. పొగతాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు దాన్ని వయసు మీద నెట్టేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మాకు ఎక్కువ దిగులు ఓపెన్ జిమ్‌ల గురించే. మున్సిపాలిటీలు పరికరాలు బిగించి వెళ్లిపోయాయి, వాడే తీరు చెప్పేవాళ్లు లేరు. కాళ్లతో నెట్టే పరికరం దగ్గర ఓ పావుగంట నిలబడి చూడండి: పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేదాకా నెడతారు. 1985లో బాడీబిల్డర్ల ధమనిలోకే సన్నని గొట్టం పెట్టి, భారీ బరువును కాళ్లతో నెట్టేటప్పుడు కొలిస్తే బీపీ సగటున 320/250 దాకా ఎగబాకింది. పార్కు పరికరాల మీద అంత బరువు పడదు, నిజమే. కానీ కూర్చున్నప్పుడే 160 ఉన్న మనిషి ఊపిరి బిగబడితే బీపీలో ఆ పెరుగుదల చిన్నదేమీ కాదు. నెట్టేటప్పుడు ఊపిరి వదలాలి, వెనక్కి వచ్చేటప్పుడు పీల్చాలి. వరస కూడా ముఖ్యం. బరువుల తర్వాత పరుగెత్తినవాళ్ల ధమనుల పనితీరు మెరుగైందనీ, ముందే పరుగెత్తి తర్వాత బరువులు ఎత్తినవాళ్లలో మార్పు రాలేదనీ ఓ జపాన్ పరిశోధన తేల్చింది. మనవాళ్లు చేసేది సరిగ్గా తలకిందులు: నడక ముగించి, ఇంటికెళ్లే ముందు పరికరాలెక్కుతారు.

పరికరమే లేనివాళ్లకు గోడకుర్చీ ఉంది. ఒకప్పుడు బడిలో శిక్షగా వేయించినదే! వీపు గోడకు ఆనించి 2 నిమిషాలు, 2 నిమిషాల విశ్రాంతి, ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. మొదట్లో మోకాళ్లు అంతగా వంచక్కర్లేదు, ఊపిరి మాత్రం ఆడుతూనే ఉండాలి. కొన్ని వారాలకు బీపీ తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. 180/110 దాటినవాళ్లు ముందు డాక్టరును కలవాలి.

ప్రతి ఓపెన్ జిమ్ దగ్గరా తెలుగులో ఓ బోర్డు పెట్టించమని మున్సిపల్ అధికారులను కోరుతున్నాం. మూడు ముక్కలు చాలు: బలం పెట్టేటప్పుడు ఊపిరి వదలండి, ముందు బరువులు, తర్వాత నడక, ఛాతీలోగానీ దవడలోగానీ నొప్పి వస్తే ఆపేసి 108కి ఫోన్ చేయండి.

– ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, వరంగల్