శని దూరం 14.3 కోట్లు కాదు, 143 కోట్లు: మీ సౌర కుటుంబం చార్ట్‌పై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
విద్యా చార్ట్‌ల విభాగం.

విషయం: సూర్యుడి నుంచి శని గ్రహం దూరం తప్పుగా అచ్చు వేయడం గురించి.

అయ్యా,

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్స్ చెబుతాను. పోయిన నెల మీ తెలుగు సౌర కుటుంబం చార్ట్‌లు మూడు, సొంత డబ్బు 480 రూపాయలు పెట్టి కొన్నాను. కాగితం గట్టిగా ఉంది, శని వలయాల బొమ్మ చాలా బాగుంది. కానీ దాని కింద సూర్యుడి నుంచి దూరం 14.3 కోట్ల కిలోమీటర్లని వేశారు. ఉండాల్సింది 143 కోట్లు.

ఈ తప్పు పట్టుకున్నది నేను కాదు, పిల్లలు. ఎనిమిదో తరగతి వాళ్లను గ్రౌండ్‌కి తీసుకెళ్లి, సూర్యుడి నుంచి భూమి పది మీటర్లు అనుకోండి, మిగతా గ్రహాలు ఎక్కడొస్తాయో చార్ట్ చూసి లెక్కగట్టండి అన్నాను. టేపు పరిచి ముగ్గుపిండితో గుర్తులు పెట్టారు. గురుడు 52 మీటర్ల దగ్గర సరిగ్గానే వచ్చాడు. శని వంతు వచ్చిన అమ్మాయి తొమ్మిదిన్నర మీటర్ల దగ్గరే ఆగిపోయింది. "టీచర్, శని భూమి కంటే ముందే వస్తున్నాడు" అంది. లెక్క తప్పి ఉంటుందని మళ్లీ చేయించాను. మళ్లీ అంతే వచ్చింది. అందరి ముందూ తప్పు చేశానేమోనని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్లను కాకుండా చార్ట్‌ను నమ్మినందుకు నాకు ఇంకా బాధగానే ఉంది. నిజానికి శని గుర్తు పడాల్సింది 95 మీటర్ల దగ్గర, మా బడి ప్రహరీ గోడ పక్కన.

తప్పు ఎక్కడ జరిగిందో కూర్చుని చూశాను. ఇంగ్లిష్‌లో 1.43 బిలియన్ కిలోమీటర్లని ఉంటుంది. బిలియన్ అంటే వంద కోట్లు. మీవాళ్లు పది కోట్లనుకున్నారు. గురుడి దూరం మిలియన్లలో ఉంటుంది కాబట్టి 77.8 కోట్లు సరిగ్గా పడింది. శని దగ్గర మొదలైన తప్పు చివరిదాకా సాగింది: యురేనస్ 287 కోట్లకు బదులు 28.7, నెప్ట్యూన్ 450కి బదులు 45. మీ చార్ట్ ప్రకారం నెప్ట్యూన్ గురుడి కంటే సూర్యుడికి దగ్గర!

అదే చార్ట్‌లో శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి 29.5 ఏళ్లు పడుతుందని సరిగ్గా రాశారు. భూమి కంటే దగ్గరగా ఉంటే ఏడాదిలోపే తిరిగి రావాలి కదా అని పిల్లలు అడిగారు. మా ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లుంటాడని చెబుతుంది. పన్నెండు రాశులకూ కలిపితే 30 ఏళ్లు. మెల్లగా నడుస్తాడు కాబట్టే శనైశ్చరుడన్నారు. అంత మెల్లగా నడవడానికి కారణం ఆ దూరమే. సూర్యుడి వెలుగు మనకు 8 నిమిషాల్లో వస్తే శనికి చేరడానికి 80 నిమిషాలు పడుతుంది. 1997లో బయల్దేరిన కాసినీ అంతరిక్ష నౌక అక్కడికి చేరింది 2004లో. ఇవన్నీ పిల్లలకు చెప్పాలనే ఆ చార్ట్ కొన్నాను.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, చార్ట్‌లు వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తామన్నారు. నాకు డబ్బు వద్దు. ఇవే చార్ట్‌లు ఇంకా ఎన్ని బళ్ల గోడల మీద ఉన్నాయోనని నా టెన్షన్. పల్లెటూరి బడిలో గోడ మీద ఉన్నదే పిల్లలకు నిజం, క్విజ్‌లోనూ అదే రాస్తారు.

కాబట్టి మిగిలిన స్టాకు అమ్మడం ఆపండి. ఇప్పటికే కొన్న బళ్లకు మూడు గ్రహాల దూరాలూ సరిచేసిన స్టిక్కర్లు మీ ఖర్చుతోనే పంపండి. కొత్తగా అచ్చు వేసేటప్పుడు "సగటు దూరం" అని రాయండి. శని కక్ష్య పూర్తి గుండ్రం కాదు, ఆ దూరం సుమారు 135 కోట్ల నుంచి 151 కోట్ల కిలోమీటర్ల దాకా మారుతూ ఉంటుంది. అచ్చుకు ముందు ఒక్క సైన్స్ టీచర్‌కైనా చూపించండి. అడిగితే నేనే ఉచితంగా చూసి పెడతాను.

చార్ట్ ఫోటో, బిల్లు జత చేశాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. తప్పు మీదేనని అందులో స్పష్టంగా రాయండి. ఆ ఉత్తరం క్లాసులో ఆ అమ్మాయి చేతే చదివిస్తాను.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్