రేటు పెరిగినా వైరు మార్చనివ్వని వాళ్లందరికీ నా దండాలు

జనగామలో మేం పట్టుకున్న రెండిళ్ల వైరింగ్ పూర్తయింది, మీటర్లు కూడా బిగించారు. ఈ పని ఒడ్డున పడేసిన కొందరికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. ఎదురుగా చెబితే "అదెంత పనిలే" అని కొట్టిపారేసే మనుషులు వీళ్లు. పేర్లు రాయడం లేదు, వాళ్లకు అది ఇష్టం ఉండదు. చదివితే ఎవరి మాట వాళ్లకే తెలుస్తుంది.

ముందు మా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే వాళ్ల సాయం ఎంత పెద్దదో తెలియదు. ఇల్లు కట్టేవాళ్లు మాతో రేటు మాట్లాడేది స్లాబ్ వేసేటప్పుడు. అప్పుడు పైపులు, ఫ్యాన్ బాక్సులు వేసి వచ్చేస్తాం. తర్వాత గోడలు లేవాలి, గాడులు కొట్టాలి, ప్లాస్టరింగ్ కావాలి, అది ఆరాలి. వైరు లాగేది అప్పుడే. మధ్యలో ఆరు నెలలు పోతాయి, ఓనర్ చేతిలో డబ్బు ఆడకపోతే ఏడాది కూడా పోతుంది. మెటీరియల్‌తో కలిపి ఒప్పుకున్న పనైతే, స్లాబ్ నాటి రేటుకు మాట ఇచ్చి వైరు లాగేనాటి రేటుకు కొనాలి. మా దగ్గర ఎప్పటి నుంచో ఇదే పద్ధతి. రాగి రేటు కాస్త నిలకడగా ఉన్నన్నాళ్లు ఎలాగోలా నడిచింది, 2025లో నడవలేదు.

ఆ ఏడాది మొదట్లో లండన్ మార్కెట్‌లో టన్ను రాగి 9,000 డాలర్ల దగ్గర ఉంది. డిసెంబర్‌కు 12,000 దాటింది. సెప్టెంబర్‌లో ఇండోనేషియాలోని గ్రాస్‌బర్గ్ రాగి గనిలోకి బురద ముంచుకొచ్చి కార్మికులు చనిపోయారు, అక్కడ తవ్వకం ఆగింది. దానికి తోడు డిసెంబర్‌లోనే డాలర్ 90 రూపాయలు దాటింది. మన తూత్తుకుడి రాగి ఫ్యాక్టరీ 2018లో మూతపడినప్పటి నుంచి శుద్ధి చేసిన రాగి కోసం బయటి దేశాల వైపు చూడటం ఎక్కువైంది కాబట్టి ఆ దెబ్బ నేరుగా మనకే తగులుతుంది. 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, లోపలి రాగి మందం లెక్క) వైరు 90 మీటర్ల కాయిల్‌లో దాదాపు కిలో రెండు వందల గ్రాముల రాగి ఉంటుంది. 2.5 కాయిల్‌లో రెండు కిలోలు, 4 కాయిల్‌లో మూడు కిలోల పైనే. పైతొడుగు, డబ్బా, రవాణా ఖర్చు ఎంతున్నా కాయిల్ ధరలో పెద్ద వాటా రాగిదే. ఆపైన 18 శాతం జీఎస్టీ. "రేపటి నుంచి కొత్త లిస్టు" అని రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ వస్తే చాలు, పొద్దున ఓనర్‌కు ఏం చెప్పాలా అని నిద్ర పట్టేది కాదు.

ఇలాంటప్పుడు నష్టం పూడ్చుకునే అడ్డదారులు మా ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. 2.5 లాగాల్సిన చోట 1.5 లాగేయడం, ఎర్త్ వైరు ఎగ్గొట్టడం, ఊరూ పేరూ లేని కాయిల్ తేవడం. గోడలోకి పోయాక ఎవరికి కనపడుతుంది? రెండు కిలోవాట్ల గీజర్ దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. ఏసీ అయితే ఎండాకాలం రాత్రంతా ఆగకుండా నడుస్తుంది. సన్న వైరు పైపు లోపల రోజూ కాగి, తొడుగు పెళుసైపోయి, ఏ కొన్నేళ్లకో బయటపడొచ్చు. అది పిల్లలు పడుకునే గది కావచ్చు. ఆ పని నా చేతుల మీదుగా జరగకుండా చూసింది ఈ మనుషులే.

మొదటి దండం మా షాపు అన్నకు. నేను బుక్ చేసిన 2.5 కాయిళ్లు ఆయన దగ్గర పాత స్టాకులో ఉన్నాయి. కొత్త లిస్టు వచ్చిన రోజు వాటిని కొత్త రేటుకు అమ్ముకుంటే తప్పు పట్టేవాళ్లెవరూ లేరు, వ్యాపారం కదా. "నీకు చెప్పిన రేటు నీదే, తీసుకుపో తమ్మీ" అని పాత బిల్లు మీదే ఇచ్చాడు. మిగతా మెటీరియల్ ఖాతాలో రాసుకుని, ఓనర్ డబ్బు ఇచ్చాకే కట్టమన్నాడు.

ఆయన చేసిన ఇంకో మేలు కూడా చెప్పాలి. ఎవరో సగం ధరకే వస్తుందని ఒక కాయిల్ తెచ్చి నా ముందు పెట్టారు. చూస్తే పోగులు ఎర్రగా రాగిలాగే ఉన్నాయి. దాన్ని షాపుకు తీసుకెళ్తే అన్న ఒక్క పోగు బయటికి తీసి, బ్లేడుతో మెల్లగా గీకాడు. పైన ఎర్ర పూత లేచిపోయి లోపల తెల్లగా అల్యూమినియం కనిపించింది. తర్వాత త్రాసు మీద పెట్టాడు, అసలు కాయిల్ బరువులో సగం కూడా లేదు. అల్యూమినియం అదే మందంలో రాగి మోసేంత కరెంటు మోయలేదు, పైగా స్క్రూల దగ్గర వదులై వేడెక్కుతుంది. కస్టమర్లను పక్కన నిలబెట్టి ఇదంతా చూపించినందుకు ఆయనకు రూపాయి లాభం లేదు. ఆ పూట అక్కడున్న మా కుర్రాళ్లు ఇప్పుడు ఏ కాయిల్ వచ్చినా ముందు బ్లేడు తీస్తున్నారు.

రెండోది, మొదటి ఇంటి ఓనర్ హెడ్మాస్టర్ సార్‌కు. రిటైర్ అయ్యాక వచ్చిన డబ్బుతో కట్టుకుంటున్న ఇల్లు అది, ప్రతి రూపాయికీ లెక్క ఉంది. స్లాబ్ నాటి కొటేషన్, ఆ రోజు రేట్ల కాగితం రెండూ పట్టుకుని వెళ్లి ముందు పెట్టాను. సార్ వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకోవాలని నేనూ అనుకోలేదు. ఎలక్ట్రీషియన్ రేటు పెరిగిందంటే షాపుతో కమీషన్ మాట్లాడుకున్నాడని అనుకునే రోజులివి. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. ఆ అబ్బాయి ట్రూప్ బజార్‌కు వెళ్లి అదే కంపెనీ, అదే సైజు రేట్లు అడిగి ఫొటోలు పంపాడు. పెద్ద తేడా లేదు. సార్ క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి ఒక్కో సైజూ రాసుకుంటూ కూడారు. కూడాక అన్న మాట ఇది: "వైరు బిల్లు నేను కడతా బిడ్డా. నీ కూలి మాత్రం తగ్గించుకోకు, సైజు తగ్గించకు." ఆ మాటతో నా నెత్తి మీద బరువంతా దిగిపోయింది సార్. కొన్ని కంపెనీల డబ్బాల్లో మా కోసం పాయింట్ల కూపన్లు ఉంటాయని, అవి మీకే ఇస్తానని చెబితే, అవి మా హెల్పర్ల కోసం ఉంచమన్నారు. అలాగే ఉంచాం.

రెండో ఇల్లు ఇందిరమ్మ ఇల్లు. ఆ అక్క బట్టలు కుడుతుంది. ప్రభుత్వం విడతల వారీగా ఇచ్చే సాయం మొత్తం 5 లక్షలు. రాగి పెరిగిందని అందులో ఒక్క రూపాయి పెరగదు. సార్ దగ్గర చెప్పినట్టు ఆమె దగ్గర చెప్పలేను. సంగతి తెలిసి మా ఊరి తోటి ఎలక్ట్రీషియన్లు చేసింది జీవితాంతం గుర్తుంటుంది. పెద్ద పనుల్లో మిగిలిన కాయిళ్లు, కట్ పీసులు ఎవరి ఇంట్లో ఉన్నవి వాళ్లు తెచ్చిచ్చారు. ఒకరు తెరవని ఎర్త్ వైరు కాయిలే ఇచ్చారు. ముక్కలు కదా అని పైపు లోపల ఎక్కడా జాయింట్ వేయలేదు. పొడుగు చాలిన చోటే లాగాం, చిన్నవి బోర్డుల్లో లూపింగ్‌కు, అంటే ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్‌కు కలపడానికి వాడాం. కొనాల్సి వచ్చింది కొద్దిపాటే. ఆ అక్క ఇంట్లో ప్రతి ప్లగ్గుకూ ఎర్త్ ఉంది, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ ఉంది. తమ్ముళ్లూ, అన్నలూ, అది మీ వల్లే.

మాలో సీనియర్ అయిన పెద్దన్న తన మెగ్గర్ (వైరు తొడుగులో ఎక్కడైనా లీకేజీ ఉందేమో చూసే మీటర్) ఇచ్చి, రెండిళ్లలోనూ ఇన్సులేషన్ చెక్ అయ్యేదాకా వెంట ఉన్నాడు. ఆయన ఇచ్చిన కొటేషన్ కాగితం వల్ల ఇక ముందు ఈ టెన్షన్ ఉండదు. అందులో కూలి చదరపు అడుగు లెక్కన వేరుగా ఉంటుంది. వైరు కొన్న రోజు బిల్లు ప్రకారం ఓనరే కడతారు. ఏ పాయింట్‌కు ఏ సైజు వైరో ముందే రాసి ఉంటుంది. షాపు రేట్లకు గడువు ఏడు రోజులే. సైజులు రాసి ఉండటం అన్నిటికన్నా మంచిది, ఓనర్ ఎప్పుడైనా బోర్డు విప్పించి అడగొచ్చు.

కూలి ఆలస్యమైనా పని వదలని మా హెల్పర్ల మాట మరిచిపోతే పాపం. పక్క టౌన్‌లో రోజువారీ డబ్బు దొరికే పనులున్నా నాతోనే ఉన్నారు. వాళ్ల బాకీ మొత్తం ఇచ్చేశాను. షాపు అన్న ఖాతాలో ఇంకొంచెం మిగిలింది, అది ఈ నెలాఖరుకు తీరిపోతుంది.

పెద్దన్న కొటేషన్ కాగితం కావాల్సిన ఎలక్ట్రీషియన్లు అడగండి, ఫొటో పంపుతాను. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు కూడా అడగొచ్చు.