మన తెలుగు కుటుంబాల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువ పని ఎర్రమట్టి మీదే

అందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి మూడూ బాగా జరిగాయి, పిల్లల తెలుగు క్లాసులు ఆగకుండా నడుస్తున్నాయి, లెక్కలు ట్రెజరర్ గారు విడిగా మెయిల్ చేస్తారు. ఇక మిగతా రిపోర్టంతా మన కాలనీ వెనక కడుతున్న కొత్త ఇళ్ళ సైట్ గురించే, కమిటీ టైమ్ చాలావరకు దానికే పోయింది మరి.

అక్కడ చెట్లు కొట్టేసి నేల చదును చేసిన దగ్గర్నుంచి వాన పడితే చాలు మన పాండ్‌లోకి ఎర్రనీళ్ళు వచ్చేస్తున్నాయి. ఆ నీళ్ళు వాగులోంచి బిగ్ క్రీక్‌లో కలుస్తాయి, అది అట్లాంటా దగ్గరి ఆల్ఫరెట్టా ఊరి మీదుగా రాజ్‌వెల్ దగ్గర చాటహూచీ నదిలో పడుతుంది, రాజ్‌వెల్ వాళ్ళలో కొంతమంది ఆ క్రీక్ నీళ్ళే శుద్ధి చేసి తాగుతారు. అంటే ఇది మన పాండ్ ఒక్కదాని గొడవ కాదు.

మన జార్జియా రాష్ట్రంలో దీనికి 1975 నుంచే చట్టం ఉంది. ఎకరం, ఆపైన నేల కదిలిస్తే పర్మిట్ ఉండాలి, వాగుకి 200 అడుగుల లోపు అయితే ఎకరం లేకపోయినా అంతే. ఒక్కో ప్లాటు పావెకరమే కదా అంటే కుదరదు, వెంచర్ మొత్తం కలిపే లెక్క. మట్టి బయటికి పోకుండా ప్లాన్ గీసి ఇవ్వాలి, దాని ప్రకారం పని చెయ్యాలి, నీళ్ళు చేరే ప్రతి ఎకరానికీ 67 క్యూబిక్ గజాల మట్టి ఆగేంత జాగా చూపించాలి.

పెద్ద వాన తర్వాత మనవాళ్ళు కొందరు మన వైపు నుంచే సిల్ట్ ఫెన్స్ (మట్టి ఆపడానికి సైట్ చుట్టూ కట్టే గుడ్డ కంచె) వెంబడి నడిచి చూశారు. దూరం నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంది గానీ దగ్గరికి వెళితే గుడ్డ కింది అంచు కందకంలో పూడ్చనే లేదు, గాలికి కొట్టుకుంటోంది, దాని కిందనుంచి నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి. ఇంకోచోట మట్టి ఫెన్స్ పైదాకా పేరుకుపోయింది, సగం ఎత్తుకి రాగానే తీసెయ్యాలని రూల్. గేటు దగ్గర పరిచిన కంకర బురదలో కూరుకుపోయి లారీ టైర్ల మట్టంతా రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి డ్రెయిన్‌లోకి.

ఫొటోలు తేదీ, చోటు రాసి కౌంటీ ఇన్‌స్పెక్టర్‌కి పంపాం. ఆయన వచ్చి చూసి రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు, సరిచేసుకోడానికి చట్టం 5 రోజులు ఇస్తుంది, చెయ్యకపోతే పని ఆపించొచ్చు. బిల్డర్ వైర్ ఉన్న ఫెన్స్ వేయించాడు, గేటు దగ్గర కొత్త కంకర పోయించాడు, వాలు మీద గడ్డి విత్తనం చల్లి ఎండుగడ్డి పరిపించాడు. నీళ్ళ రంగు తగ్గింది, పూర్తిగా తేటపడలేదు.

ఇక్కడి బంకమట్టి అంత సన్నం, ఒకసారి నీళ్ళలో కలిసిందంటే రోజుల తరబడి దిగదు, ఫెన్స్ ఆపేది లావు మట్టినే. అందుకే మాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది 14 రోజుల రూల్, అంతకన్నా ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే నేలని బోసిగా వదలకూడదు, గడ్డో, ఎండుగడ్డి లాంటి మల్చో కప్పాలి. మీరు అటు వెళ్ళినప్పుడు ముందు ఇదే చూడండి.

మన ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి. పెరట్లో స్విమ్మింగ్ పూల్, పాటియో లాంటి చిన్న పనులకి ఈ పర్మిట్ అక్కర్లేకపోవచ్చు గానీ మట్టి పక్కింట్లోకీ వాగులోకీ పోకుండా చూసుకోవడం తప్పదు. వాగు గట్టు నుంచి 25 అడుగుల దాకా నేల కదిలించకూడదని రాష్ట్రం రూల్, అట్లాంటా మెట్రోలో లోకల్ రూల్ మామూలుగా 50 అడుగులు, దాని తర్వాత ఇంకో 25 అడుగుల్లో కాంక్రీటు కూడా వెయ్యనివ్వరు. కాంట్రాక్టర్ పర్లేదన్నాడని తవ్వించకండి, ముందు కౌంటీకి ఫోన్ చెయ్యండి.

పాండ్‌లో దిగిన మట్టి తీయించే ఖర్చు బిల్డర్ భరించాలని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) బోర్డుని అడిగాం, జవాబు ఇంకా రాలేదు. సివిల్ ఇంజినీరింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా కమిటీలోకి వస్తే చాలా సాయం అవుతుంది, ఫొటోలు తేదీతో మన వాట్సాప్ గ్రూపులో పెట్టండి.