నడిరేయి మెలకువ వస్తే మళ్ళీ నిద్రపోవడం నేర్పిన వారికి కృతజ్ఞతలు

ఇందుకూరుపేట మండలంలోని మా ఊరి నుంచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా నిద్రలేమికి చికిత్స చేసిన నెల్లూరు మానసిక వైద్యురాలికి, ఆమె దగ్గర పనిచేసే కౌన్సెలర్ గారికి, ఇన్ని రాత్రులు నాతో వేగిన నా భార్యకు, రొయ్యల గుంటల భారం తన నెత్తిన వేసుకున్న మా అన్న కొడుక్కి బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. తమ పేర్లు రాయవద్దని వైద్యురాలూ కౌన్సెలర్ గారూ కోరారు కనుక రాయడం లేదు. వారు నేర్పినదేమిటో వివరంగా రాస్తానంటే మాత్రం ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు.

2009లో మన దేశంలో వనామీ అనే రొయ్య రకం సాగుకు అనుమతి వచ్చిన తరువాత ఈ తీరంలో చాలామందిలాగే నేనూ రొయ్యల గుంటలు వేశాను. పొద్దుగూకిన తరువాత నీటిలోని నాచు ప్రాణవాయువును తయారుచేయడం మానేస్తుంది. రొయ్యలూ, నాచూ, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులూ మాత్రం దానిని వాడుకుంటూనే ఉంటాయి కనుక తెల్లవారుజాముకు డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు, బాగా పడిపోతుంది. ఆ వేళలో కరెంటు పోయి, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే ఎంత నష్టమో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. అందుచేత రాత్రి రెండింటికి లేచి టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరగడం ఏళ్ల తరబడి నాకు అలవాటు. నడుము నొప్పితో గుంటలను మా అన్న కొడుక్కి అప్పగించిన తరువాత కూడా ఆ వేళకు మెలకువ రావడం మానలేదు. ఒకసారి మెలకువ వచ్చిందంటే ఇక తెల్లవారేదాకా కన్ను మూతపడేది కాదు.

వైద్యురాలు వెంటనే మందు చీటీ రాయలేదు. నేను గురక పెడతానా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తానా అని ముందుగా నా భార్యను అడిగారు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. రాత్రిపూట మూత్రానికి లేవడం గురించి, మనసులోని దిగులు గురించి ఓపికగా విన్నారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారు దానికి వైద్యం చేయించుకోకుండా శ్వాస అభ్యాసాలతో సరిపెట్టుకుంటే ప్రమాదమని ఆమె గట్టిగా చెప్పారు. నాకు అటువంటిదేమీ లేదని తేలిన తరువాతనే కౌన్సెలర్ గారి దగ్గరకు పంపారు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్సనే మొదలుపెట్టాలని అమెరికాలోని వైద్యుల సంఘం ఒకటి 2016లోనే సిఫారసు చేసిందట. మన దగ్గర మాత్రం చుట్టాలలో ఎవరికో పనిచేసిన మాత్ర పేరు ఇంకొకరికి చెప్పడం మర్యాద కింద చలామణీ అవుతోంది.

మధ్యలో మెలకువ రావడమే జబ్బు కాదన్నది కౌన్సెలర్ గారు చెప్పిన మొదటి విషయం. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుందనీ, గాఢనిద్ర ఎక్కువగా రాత్రి తొలి సగంలోనే అయిపోతుందనీ, మలిసగంలో నిద్ర పలచబడి ఎవరికైనా మెలకువలు వస్తాయనీ ఆయన బొమ్మ గీసి చూపించారు. మెలకువ వచ్చిన తరువాత గడియారం చూసి, ఇంకా ఎన్ని గంటలు మిగిలాయో లెక్క వేసి, రేపటి పని ఏమవుతుందోనని గుండె దడ తెచ్చుకోవడంతోనే అసలు చిక్కు మొదలవుతుంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి గుంటలో దించే చెక్ ట్రేను మాటిమాటికీ పైకి లాగి చూస్తూ ఉంటే రొయ్య మేతకు ఎలా రాదో, నిద్ర వచ్చిందా లేదా అని చూసుకుంటూ ఉంటే నిద్ర కూడా అలాగే రాదని ఆయన అన్నారు. ఆ మాట విన్న రోజునే నా భార్య పడకగదిలోని గడియారాన్ని తీసి వంటగదిలో పెట్టింది.

నాకు అన్నింటికంటే ఎక్కువగా పనికి వచ్చినది కండరాలను వరుసగా బిగించి వదిలే పద్ధతి. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు దాదాపు వందేళ్ల కిందట దీనిని రూపొందించారు. పడుకున్న చోటనే కాలివేళ్ళను ముడిచి సుమారు 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, ఆ వదులుదనాన్ని 15 నుంచి 20 సెకన్ల పాటు గమనించాలి. తరువాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్ళు, భుజాలు, దవడ, నుదురు వరుసగా రావాలి. పిక్కలు పట్టేసేవారు అక్కడ గట్టిగా బిగించకూడదు. మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టి నేర్పుతున్నప్పుడు కౌన్సెలర్ గారు నా భుజం మీద రెండు వేళ్ళు ఆనించి, “ఇప్పుడు వదలండి” అన్నారు. వదిలేశానని చెప్పాను. ఆయన వేళ్ళు తీయకుండా “ఇంకా వదలండి” అన్నారు. అప్పుడు భుజం మరో అంగుళం కిందికి దిగింది. అన్నేళ్లుగా ఆ అంగుళాన్ని పైకెత్తి మోస్తున్నానన్న సంగతి నాకే తెలియదు.

శ్వాస విషయంలో ఆయన చెప్పినది ఒక్కటే: పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువ ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొద్దిగా తగ్గుతుంది. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా పీల్చి, 6 లెక్కపెట్టేదాకా మెల్లగా వదలడం నాకు సరిపోయింది. ఆండ్రూ వైల్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన 4-7-8 పద్ధతిలో మధ్యన 7 లెక్కల పాటు ఊపిరి బిగబట్టాలి. అది నాకు ఆయాసం తెప్పించింది కనుక విడిచిపెట్టాను.

ఒళ్ళు వదులైనా మనసు గట్ల మీదనే తిరుగుతూ ఉంటే ఏం చేయాలన్నదానికి మరో ఉపాయం చెప్పారు. దీని మూలం కెనడా పరిశోధకుడు లూక్ బోడోయిన్ ప్రతిపాదించిన పద్ధతి. ఏదైనా ఒక మామూలు మాట తీసుకుని, అందులోని ఒక్కొక్క అక్షరంతో మొదలయ్యే వస్తువులను, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, కళ్ళ ముందు చూస్తూ పోవాలి. “పడవ” అనుకుంటే పలక, పందిరి, పనసకాయ, పల్లకి. ఆ పైన డబ్బా, డప్పు, డమరుకం. ఆ తరువాత వడియం, వసారా, వంకాయ. పనసకాయను ఊహించుకున్నప్పుడు దాని గరుకు తొక్క కనిపించాలి కానీ, ధర ఎంతన్న ఆలోచన రాకూడదు. కథ అల్లుకోవడానికి వీలులేని ఈ ముక్కల మధ్య మనసు లెక్కలు వేయలేదు. నేను చాలాసార్లు రెండో అక్షరం దాటను. “ర” అక్షరం జోలికి మాత్రం పోవద్దని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతుంటారు.

ఇవేవీ పనిచేయని రాత్రులూ ఉంటాయి. సుమారు 20 నిమిషాలు గడిచాయనిపిస్తే, గడియారం చూడకుండానే, మంచం దిగి బయటకు రావాలి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి వెళ్ళాలి. మంచం అంటే మేలుకుని పడి ఉండే చోటన్న అలవాటును శరీరం చేత మాన్పించడం దీని ఉద్దేశం. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో దీనిని ప్రతిపాదించారు. మసక వెలుతురులో, ఫోను జోలికి పోకుండా, విసుగు పుట్టించే పని ఏదైనా చేయమన్నారు. నా భార్య వసారాలో చింతపండు బుట్ట పెట్టింది. గింజలు తీస్తూ కూర్చుంటే, గుప్పెడు గింజలు పోగయ్యే లోపలే ఆవులింతలు వచ్చేవి. ఈ ఏడు మా ఇంటి చింతపండుకు కూలి ఇవ్వవలసిన అవసరం రాలేదని ఆమె అందరికీ చెబుతోంది.

తొమ్మిదింటికే పడుకుని ఆరింటిదాకా దొర్లడం మాన్పించి, మొదట్లో పదకొండు నుంచి ఐదు వరకే మంచం మీద ఉండమన్నారు. రాత్రి ఎలా గడిచినా ఐదింటికి లేవవలసిందే. మొదటి వారాలలో ఇది కష్టంగా ఉంటుంది. వాహనాలు నడిపేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, మూర్ఛ లేదా బైపోలార్ జబ్బు ఉన్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీనికి పూనుకోకూడదు. ఇదివరకే నిద్రమాత్రలు వాడుతున్నవారు కూడా తమంతట తాము ఒక్కసారిగా ఆపకూడదు. మధ్యాహ్నం దాటిన తరువాత టీ, కాఫీ మానడం గురించి అందరికీ తెలుసు కనుక పొడిగించను.

మా అన్న కొడుకు చేసిన మేలును ప్రత్యేకంగా చెప్పాలి. ఏరియేటర్ల చప్పుడుకు నాకు మెలకువ రాదు. ఆ చప్పుడు ఆగిపోతే వస్తుంది. కౌన్సెలర్ గారు ఈ సంగతి విని అబ్బాయిని పిలిపించారు. కరెంటు పోయిన వెంటనే తన ఫోనుకు కాల్ వచ్చేలా సిమ్ వేసిన పరికరాన్ని స్టార్టర్ దగ్గర అమర్చి, అది మోగడం నాకు పగటిపూట చూపించాడు. “బాబాయ్, ఇక అది నా పని” అన్నాడు. శ్వాస, కండరాల అభ్యాసాలు ఒంటపట్టింది ఆ తరువాతనే. కాపలా ఉండవలసిన అవసరం నిజంగానే ఉన్నంతకాలం ఏ అభ్యాసమూ పూర్తిగా పనిచేయదని నా అనుభవం.

ఇప్పటికీ కొన్ని రాత్రులు మెలకువ వస్తుంది. ఎక్కువసార్లు మళ్ళీ నిద్రపడుతోంది.

నెల్లూరుదాకా వెళ్ళలేనివారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కౌన్సెలర్ గారు కండరాల వరుసను తెలుగులో రాసి ఇచ్చిన కాగితం నా దగ్గర ఉంది. దాని జిరాక్సు ప్రతులు మా ఊరి మేత దుకాణంలో ఉంచాను. కావలసిన వారు తీసుకోవచ్చు.